ఎనిమిది గంటల గడి

5 మే 2025, సోమవారం

చేసిన పనులు పదిహేను. పిండి రుబ్బడం, రెండు పూటల వంట, లారీ నీళ్ళు ఆరు బిందెలు (ఎడమ చేత్తో), బట్టలు, పూజగది, గ్యాస్ బుకింగ్, మిగతావి మామూలే. చేయలేకపోయినవి మూడు. అటక మీది గంగాళం దించడం, దుప్పట్లు పై దండెం మీద ఆరేయడం, జడ వేసుకోవడం.

కుడి భుజం పైకి లేవక పది నెలలైంది. స్కానింగులో ఏమీ లేదు. కీలు బిగుసుకుపోయింది, చక్కెర కాస్త ఎక్కువగా ఉంది, వ్యాయామం చేయండి అన్నాడు డాక్టరు. ఇరవై సిట్టింగులు చేశాను. రోజూ నొప్పికి మార్కులు వేసి రాయమని మా అమ్మాయి రంజిత ఈ డైరీ కొనిచ్చింది. ఈ రోజు పదికి ఆరు.

వచ్చే నెల ఇరవైన అత్తగారి సంవత్సరీకం. మా ఆయన చెల్లెలు హైమ రెండు రోజుల ముందే వస్తుంది. ఈ చేత్తో అంత వంట ఎట్లా చేయాలో తెలియడం లేదు. రంజిత ఎవరో జనని అనే అమ్మాయి దగ్గర గురువారానికి పేరు రాయించిందట. చేతులు మెల్లగా ఆనించి చేసే వైద్యమట.

పాప్పాత్తి ఉన్నప్పుడు నా జడ కూడా తనే వేసేది. అత్తగారిని చూసుకోవడానికి పెట్టుకున్న మనిషి. ఇప్పుడు లేదు.

8 మే, గురువారం

చేసినవి తొమ్మిది. ఒకటి పాడైంది.

వేపేరిలో పాత మేడ, రెండో అంతస్తు. జననికి ముప్పై దాటి ఉండవు. తమిళ పిల్ల, తెలుగు రాదు. ఫిజియోథెరపీ చదివి తర్వాత ఈ పని విడిగా నేర్చుకుందట. నూనె, మర్దనా ఉంటాయనుకుని పాత చీర కట్టుకుని వెళ్ళాను. నూనె లేదు, పిసకడం లేదు. చీరతోనే బల్ల మీద పడుకోమంది. తల కింద రెండు అరచేతులూ పెట్టి, నిండు గిన్నె పట్టుకున్నట్టు పట్టుకుని కూర్చుంది. తర్వాత నడుము కింద. తర్వాత పాదాల దగ్గర. యాభై నిమిషాలు అంతే.

ఇదేం వైద్యమని అడిగాను. నొప్పి తీసేస్తానని తను మాటివ్వదట. ఒళ్ళు బిగబట్టుకోవడం అలవాటైపోయినవాళ్ళలో కొందరికి కాస్త సడలుతుందట. డాక్టరు చెప్పినవి ఆపొద్దంది. ఈ మాత్రానికి వేపేరి దాకా రావాలా అనుకున్నాను.

ఇంటికొచ్చి కుక్కరు పెట్టి కుర్చీలో కూర్చున్నాను. కళ్ళు తెరిచేసరికి నాలుగున్నర. పక్క వాటాలో అద్దెకుండే వల్లి లోపలికొచ్చి స్టవ్ ఆపిందట. పన్నెండు విజిల్స్ లెక్కపెట్టిందట. నన్ను లేపితే లేవలేదట. ఇరవై తొమ్మిదేళ్ళ కాపురంలో స్టవ్ మీద ఏదన్నా పెట్టి నిద్రపోవడం ఇదే మొదలు. మాడిన పప్పు ముందు నిలబడి ఉండిపోయాను. నేనేనా అనిపించింది.

9 మే

నొప్పి నాలుగు. తప్పు వేశానేమో. ఐదు.

15 మే, గురువారం

చేసినవి పదకొండు.

ఇవాళ జరిగింది రాసుకోకపోతే రేపటికి నేనే నమ్మను.

జనని నా కుడి చెయ్యి కింద తన రెండు చేతులూ పెట్టి కొద్దిగా పైకి తీసింది. నొప్పి లేనంత మేరకే. బరువంతా తన మీద వదిలేయమంది. వదిలేశాను. కళ్ళు మూసుకుని ఉన్నాను. కాసేపటికి, "వదలండమ్మా, నేను పట్టుకున్నాను కదా" అంది. వదిలే ఉన్నానన్నాను. "ఒకసారి కళ్ళు తెరిచి చూడండి" అంది.

తన రెండు చేతులూ తన ఒళ్ళో ఉన్నాయి. నా చెయ్యి గాలిలో ఉంది. పది నెలలుగా దువ్వెన కూడా ఎత్తలేని చెయ్యి, ఎవరూ పట్టుకోకుండా, దానంతట అదే నిలబడి ఉంది. ఎప్పటి నుంచి ఉందో నాకు తెలియదు. దించమని దానికి చెప్పాను. దిగలేదు. నా చెయ్యి నా మాట వినలేదు. ఎవరిదో చెయ్యి తెచ్చి నాకు అతికించినట్టు దాన్నే చూస్తూ ఉన్నాను.

జనని మళ్ళీ తన చేతులు కింద పెట్టి ఊరుకుంది. ఎంతసేపో. ముందు వేళ్ళు వణికాయి, తర్వాత మోచెయ్యి, తర్వాత కాళ్ళు. ఏసీ తగ్గించమన్నాను. ఏసీ వేయలేదమ్మా అంది. వణకనివ్వండి, ఆపాలని చూడకండి, చాలనిపిస్తే ఒక్క మాట చెప్పండి ఆపేస్తాను అంది.

నేను వదిలేశాననే అనుకున్నాను. ఒట్టు. అబద్ధం చెప్పలేదు.

16 మే

నన్నెవరూ అడగలేదు.

17 మే

చేసినవి పదహారు. ఎవరూ అడగలేదన్నది నిజం. అడిగి ఉంటే చెప్పి ఉండేదాన్ని. నొప్పి మూడు.

22 మే, గురువారం

ఇవాళ తల కింద చేతులు పెట్టిన పది నిమిషాలకే ఏడుపొచ్చింది. దుఃఖం ఏమీ లేదు. కళ్ళలోంచి నీళ్ళు కారి చెవుల్లోకి పోతున్నాయి. అత్తగారు పోయిన రోజు కూడా నేను ఏడవలేదు. వంద మందికి కాఫీ పెట్టాను.

అప్పుడు నా నోరు మాట్లాడింది. తెలుగులో. "టిక్కు నాది. నేనే పెట్టినాను."

ఆ గొంతు విని ఉలిక్కిపడి లేచి కూర్చున్నాను. గదిలో ఇంకెవరన్నా ఉన్నారేమోనని చూశాను. జనని మంచినీళ్ళిచ్చింది. ఏమన్నారని అడగలేదు. తనకు అర్థం కాలేదు కూడా. అయినా చెప్పు వేసుకోవడం మరిచిపోయి ఒంటి కాలి చెప్పుతో మెట్లు దిగాను.

23 మే, శుక్రవారం

పనులు రాయను. ఇది రాస్తాను.

మామగారికి ఒక పట్టు ఉండేది. కొట్టులో లెక్క తెరిచి ఉంచి గడప దాటకూడదు. ఒక్క గడి ఖాళీగా ఉన్నా కూర్చుని నింపాకే షట్టరు దించేవారు. అట్టపెట్టెల కొట్టు ఇప్పుడు మా ఆయన చేతికి వచ్చింది, ఆ పట్టూ వచ్చింది. నేను ఈ ఇంటికొచ్చిన ఏడాదికే అది నాకూ అంటుకుంది. పాల కార్డు, చాకలి పద్దు, అన్నీ ముందే నింపి బయలుదేరతాను. బయటికెళ్ళి పేజీ ఖాళీగా ఉందని గుర్తొస్తే నాకు ఊపిరాడదు.

అత్తగారికి పక్షవాతం తర్వాత ఫిట్స్ మొదలైనప్పుడు మందుల నోటుబుక్కు నేనే గీశాను. రోజుకు నాలుగు గడులు. ఒకసారి పొరపాటున ఒకే మాత్ర రెండుసార్లు పడి ఆమె రెండు రోజులు మత్తులో ఉండిపోయింది. అప్పుడు రూలు పెట్టాను. ఇచ్చినవాళ్ళు వెంటనే గుర్తు పెట్టాలి. గుర్తు ఉంటే ఇంకెవరూ ఇవ్వకూడదు. పాప్పాత్తికి చదువు రాదు, నిలువు గీత గీసేది. నాది తోక ఉన్న టిక్కు. ఆ రూలు ఆమెతో మూడుసార్లు అప్పజెప్పించుకున్నాను.

పోయిన సంవత్సరం జూన్ 30, ఆదివారం. హైమ కూతురి సీమంతానికి చీరలు కొనడానికి టి. నగర్ వెళ్ళాలి. ఏడున్నరకు తిరిగొచ్చేస్తాం, ఎనిమిది గంటల మాత్ర నేనే ఇస్తాను అనుకున్నాను. నాలుగు గంటలకు బయలుదేరుతూ నోటుబుక్కు చూశాను. ఆ ఒక్క గడే ఖాళీగా ఉంది. టిక్కు పెట్టి మూసి వెళ్ళాను.

వాన, జనం. హైమకు ఏ చీరా నచ్చలేదు. ఇల్లు చేరేసరికి తొమ్మిదిన్నర దాటింది. మందులయ్యాయా అని అడిగాను. అయ్యాయమ్మా అంది పాప్పాత్తి. బయటికెళ్ళే రోజుల్లో నేను ఒకటి రెండుసార్లు ముందుగానే మాత్ర ఇచ్చి వెళ్ళిన మాట నిజమే. ఈసారీ అంతే అనుకుంది. గడిలో టిక్కు ఉంది. రూలు ప్రకారం ఇవ్వలేదు. ఆమె ఇచ్చిందని నేను అనుకున్నాను.

ఆ రాత్రి ఫిట్స్ వచ్చాయి. ఆగలేదు. తెల్లారి ఆసుపత్రిలో పోయారు. ఒక్క పూట మాత్ర వల్లనే అని చెప్పలేం, వయసు ఎనభై ఒకటి అన్నాడు అక్కడి డాక్టరు. కాదని కూడా చెప్పలేదు.

మూడో రోజు ఆయన మాత్రల అట్ట లెక్కపెట్టారు. ఒకటి ఎక్కువుంది. పాప్పాత్తిని మెట్ల మీదే నిలబెట్టి అడిగారు. "టిక్కు ఉండింది అయ్యా, అమ్మే ఇచ్చి పోయారనుకున్నా" అంది. అమ్మ ఇంట్లోనే లేదు, ఎనిమిదింటికి టిక్కు ఎట్లా పెడుతుంది, టిక్కూ లేదు ఏమీ లేదు, నువ్వు అబద్ధమాడుతున్నావు అన్నారు. హైమ మెట్ల మీద నిలబడి కేకలేసింది. మా అమ్మను చంపినావు అంది. వల్లి చూసింది. కింది వాటాలో లేత్ వర్క్‌షాపు నడిపే ఆంటో అనే అతను మిషన్ ఆపి బయటికొచ్చి చూశాడు. ఆమెను పంపిన ఏజెన్సీకి ఫోన్ చేసి పేరు కొట్టేయించారు. జూన్ జీతం ఇవ్వలేదు. పాప్పాత్తి నా వంక చూసింది. నేను కాఫీ గ్లాసులు తీస్తున్నాను.

నోటుబుక్కు బీరువాలో పట్టుచీరల కింద పెట్టాను. చూసినవాళ్ళెవరికైనా తెలిసిపోతుంది. అందులో ఉన్నది గీత కాదు, తోక ఉన్న టిక్కు.

నన్నెవరూ అడగలేదు అని రాశాను. అడగకుండా దాచిపెట్టాను. అది కూడా ఇక్కడ రాసుకోవాలి.

29 మే, గురువారం

చేసినవి ఇరవై మూడు. జనని దగ్గరికి వెళ్ళలేదు. ఆ వైద్యం నాకు పడటం లేదు. రంజిత విసుక్కుంది. "నీకే తగ్గుతోందన్నావు కదమ్మా, ఎన్నమా, ఏంటిది" అంది. ఏడుపు తెప్పించేది వైద్యం కాదన్నాను.

నొప్పి తొమ్మిది.

1 జూన్, ఆదివారం

హైమ వచ్చింది. సంవత్సరీకానికి ఎవరెవరిని పిలవాలో రాసుకున్నాం. మధ్యలో అడగకుండానే మొదలుపెట్టింది. "ఆ పాప్పాత్తి యాడుండాదో వదినా? వాళ్ళ వ్యాసర్పాడిలో ఇంకెవురి ప్రాణం తీస్తా ఉండాదో. మా అమ్మ ఉసురు ఊరికే పోదులే."

ఊ అన్నాను. ఊ అన్నాను. ఇప్పుడు రాస్తుంటే తెలిసింది. ఆమె పేరు ఎత్తిన ప్రతిసారీ పదకొండు నెలలుగా ఊ అంటూనే ఉన్నాను.

5 జూన్, గురువారం

వెళ్ళాను. పడుకోలేదు. బల్ల అంచున కూర్చునే జననికి చెప్పాను, తమిళంలో, మొదటి నుంచి. ఈ చేత్తోనే టిక్కు పెట్టాను, అందుకే ఇది ఇట్లా అయిందా అని అడిగాను. అవునంటుందనుకున్నాను. అవునంటే శిక్ష అయిపోయినట్టే అనిపించింది.

అట్లా తను చెప్పలేనంది. చక్కెర ఉన్నవాళ్ళకు భుజం బిగుసుకోవడం మామూలేనట. భయంతో ఇన్నాళ్ళు బిగబట్టి ఉంటే ఇంకా బిగుస్తుందట. "చేతులతో నేను మీ ఒంటికి కాస్త విశ్రాంతి ఇవ్వగలనమ్మా. ఆమె కోసం నేనేమీ చేయలేను" అంది.

ఆమె కోసం. ఇన్ని రోజులుగా నేను నా భుజం గురించే రాస్తున్నాను.

7 జూన్, శనివారం

వ్యాసర్పాడి. పాత అడ్రసు పట్టుకుని రెండు గంటలు తిరిగాను. రైల్వే యార్డు గోడ పక్కన రేకుల షెడ్డులో పాత గోనెసంచులు కుడుతోంది. జుట్టు సగం తెల్లబడింది. నన్ను చూసి లేవలేదు. సూది ఆపింది.

నేను చెప్పేశాను. గడి, నాలుగు గంటలు, చీరల కింద నోటుబుక్కు. ఆమె కోపగించుకుంటుందనుకున్నాను. ఉమ్మేసినా పడాలనుకుని వెళ్ళాను. ఆమె నోరు తెరుచుకుని నన్నే చూసింది. మెల్లగా అడిగింది.

"అయితే టిక్కు ఉండిందా అమ్మా? నిజంగా ఉండిందా?"

ఉండిందన్నాను.

"అందరూ లేదు లేదంటే, నేను చూశానా లేదా అని నాకే తెలియకుండా పోయింది. పెద్దమ్మను నేనే చంపానేమో అనుకున్నా. రోజూ ఎనిమిదయ్యేసరికి ఇక్కడ పట్టేస్తుంది" అని రొమ్ము మీద అరచెయ్యి పెట్టుకుంది.

 ఆమె పని పోయిందని తెలుసు, పేరు పోయిందని తెలుసు. తన కళ్ళ మీద తనకే నమ్మకం పోయేట్టు చేశానని తెలియదు.

పోయిన ఏడాది ఆపిన జూన్ జీతం ఇచ్చాను. అది ఆమె కష్టం, తీసుకుంది. ఇంకా ఏమన్నా కావాలా, వాళ్ళబ్బాయి చదువుకు ఏమన్నా చేయనా అని అడుగుతుంటే మధ్యలోనే ఆపింది.

"అవేం వద్దు. మెట్ల మీద అన్నారు, అందరూ విన్నారు. ఆ మెట్ల మీదే చెప్పండి. వాళ్ళు వినాలి. నేను కూడా ఉండాలి."

ఇరవైన సంవత్సరీకానికి అందరూ ఉంటారు, ఆ మధ్యాహ్నం రమ్మన్నాను.

8 జూన్, ఆదివారం

ఆయనకు చెప్పాను, పాప్పాత్తి అడిగింది కూడా. మధ్యాహ్నం భోజనమయ్యాక, నోటుబుక్కు ముందు పెట్టి. ఆయన ఆ పేజీ తీసి కళ్ళజోడు పెట్టుకుని చూశారు. తీసి తుడుచుకుని మళ్ళీ చూశారు.

"ఆ రోజే ఎందుకు చెప్పలేదు తాయారూ?"

"చెప్పుంటే మీరేం చేసుందురు?"

 "తెలీదు" అన్నారు. చొక్కా వేసుకుని కొట్టుకెళ్ళిపోయారు. ఆదివారం కొట్టు తెరవరు.

11 జూన్

ఆయన మాట్లాడలేదు. పెట్టింది తింటున్నారు.

12 జూన్, గురువారం

జనని దగ్గర యాభై నిమిషాలు. చెయ్యి దిగింది. పూర్తిగా కాదు, సగం బరువు ఆమె మీద పడిందట. పడిందని నాకు కూడా తెలిసింది.

16 జూన్

రాత్రి భోజనం దగ్గర ఆయన, "అట్టలో మాత్రలు లెక్కపెట్టింది నేను. నోటుబుక్కు అడగాలని నాకు తోచలేదు" అన్నారు. నాతోనో, కంచంతోనో. హైమకు ముందే చెబుదామా అని అడిగాను. చెబితే రాదన్నారు. రాకపోతే ఆ మెట్ల మీద ఎవరుంటారు అన్నారు. అంతే. కానీ మాట్లాడారు.

20 జూన్, శుక్రవారం. జ్యేష్ఠ బహుళ దశమి

చేసినవి లెక్కపెట్టలేదు. వల్లి, రంజిత చేసినవే ఎక్కువ. నొప్పి ఐదు.

తద్దినం ఒంటిగంటకు ముగిసింది. బ్రాహ్మలు తాంబూలం పుచ్చుకుని వెళ్ళారు. రెండున్నరకు పాప్పాత్తి వచ్చింది. ఉతికిన చీర కట్టుకుని, కింద గుమ్మం దగ్గర నిలబడింది. హైమ పైనుంచి చూసి, "ఇదేంది, దీనికెంత ధైర్యం, ఈ రోజే ఈడికొచ్చింది" అంటూ మెట్ల దగ్గరికి వచ్చింది. పోయిన ఏడాది నిలబడిన మెట్టు మీదే నిలబడింది. గొంతు విని వల్లి తలుపు తీసింది. నేను కిందికి దిగి ఆంటోను మిషన్ ఆపమన్నాను.

అందరికీ తెలియాలని తమిళంలోనే చెప్పాను. "ఆ రాత్రి ఎనిమిది గడిలో టిక్కు పెట్టింది నేను. సాయంత్రం నాలుగింటికే పెట్టి వెళ్ళాను. అది చూసి పాప్పాత్తి మాత్ర ఇవ్వలేదు. అట్లా చేయమని రూలు పెట్టింది కూడా నేనే. ఆమె అబద్ధమాడలేదు. నేను నోరు మూసుకున్నాను."

నోటుబుక్కు హైమ చేతికిచ్చాను. ఆమె పేజీ చూసింది.   తర్వాత తెలుగులో, చాలా మెల్లగా అంది.

"సంవత్సరం పొడుగునా నా నోటితో దాన్ని తిట్టించినావు. ఊ కొడతా కూర్చున్నావు. నువ్వు మనిషివేనా వదినా?"

 ఆయన పై మెట్టు నుంచి దిగి వచ్చారు. నా పక్కకు కాదు, పాప్పాత్తి ఎదురుగా. మాత్రలు లెక్కపెట్టి నింద వేసింది నేను, తప్పు నాది కూడా అన్నారు. ఏజెన్సీకి తనే వెళ్ళి చెప్పి వస్తానన్నారు.

పాప్పాత్తి మా ఇద్దరినీ వదిలి వెనక్కి తిరిగి ఒక్కొక్కరినీ అడిగింది. "ఆంటో అణ్ణా, విన్నావా?" విన్నానన్నాడు. "వల్లీ, నువ్వు?" విన్నానక్కా అంది వల్లి, కళ్ళు తుడుచుకుంటూ. పాప్పాత్తి తల పైకెత్తింది. "మీరమ్మా?" అని హైమను అడిగింది.  పాప్పాత్తి కదలలేదు. చివరికి హైమ తల ఊపింది. ఊపడం కాదు, నోటితో చెప్పమంది పాప్పాత్తి. "విన్నాను" అంది హైమ.

భోజనం చేసి వెళ్ళమన్నాను. వద్దని వెళ్ళిపోయింది. హైమ ప్రసాదం కట్టించుకోకుండా ఆటో ఎక్కింది. ఫోన్ తీయడం లేదు. ఆమెతో నా లెక్క ఇంకా ఉంది, ఎన్నాళ్ళుంటుందో తెలియదు.

పాప్పాత్తికి ఉన్న బాకీ: మెట్ల మీద ఒక మాట, నలుగురి ముందు. తీరింది.